మావయ్య కట్టిన చెడ్డ ఇల్లు

ఒక్క వేలితో ఇల్లు కూల్చిన ఆడపిల్లని నేనెరుగుదును. గుమ్మం, కిటికీ, పైన స్లాబు, అన్నీ ఉన్న ఇల్లు. చూపుడు వేలు అలా ఆనించింది, ఇల్లు ఇలా కుప్పకూలింది. నా కళ్ళతో చూశాను. కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను కాబట్టి నాలుగు కళ్ళతో చూశానన్నా తప్పులేదు. నమ్మకం కుదరనివాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఆ పిల్ల చదివేది భూకంపాల ఇంజనీరింగు. పీజీ రెండో ఏడు, ఆఖరి నెలలు. ఈ చదువు పేరు వినగానే చుట్టాలు ముక్కున వేలేసుకునేవారు. "భూకంపం రాకుండా ఆపుతారా అమ్మా?" అని ఒకరు, "ఎప్పుడొస్తుందో ముందే చెప్తారా?" అని ఇంకొకరు. రెండూ కాదు, వచ్చినప్పుడు ఇల్లు మనుషుల మీద పడకుండా చూడటం అని ఆమె చెప్తే, "ఓస్, అంతేనా!" అని చప్పరించేసేవారు.

ఆ చదువులో పడ్డప్పటి నుంచీ ఆమె ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. ఎవరింటికెళ్ళినా ముందు గోడల మూలలు చూసేది, ఆ తర్వాతే మనుషుల మొహాలు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిన పగులు కనబడితే కుర్చీ రెండడుగులు జరుపుకునేది. ఇంట్లో బీరువాల మీది పెట్టెలన్నీ కిందకి దింపించింది. వాటికి కాలు తగిలి వాళ్ళమ్మ రెండుసార్లు బోర్లా పడింది. "భూకంపం ఎప్పుడొస్తుందో గానీ, నీ పెట్టెలు నా నడుం ఇప్పుడే విరగ్గొట్టేట్టున్నాయే" అని తల్లి మొత్తుకునేది. లాబులో ఆమెకి 'పగుళ్ళు' అని పేరు పెట్టారు. "పగుళ్ళూ, టీ తాగుతావా?" అంటే తాగుతాననేది. గ్లాసు తెచ్చి పెడితే అది చల్లారేదాకా దాని చుట్టూ తిరిగేది.

ఆమె థీసిసు రెండు ఇళ్ళ మీద ఆధారపడి ఉంది. ఒకటి మామూలు ఇటుకల ఇల్లు, జనం హడావుడిగా, పొదుపుగా, నాసిగా కట్టుకునే రకం. రెండోది కూడా అచ్చం అంత నాసిదే, కాకపోతే దానికి కిటికీల కింద ఒకటి, పైన ఒకటి ఇంటి చుట్టూ కాంక్రీటు పట్టీలు, వాటి లోపల పెన్సిలు లావు ఇనుప చువ్వలు. రెండింటినీ లాబులో ఉన్న ఊగే బల్ల మీద పెట్టి భూకంపం వచ్చినట్టు ఊపాలి. మొదటిది తొందరగా పడాలి, రెండోది నిలబడాలి. అప్పుడు పట్టీ వల్ల ఎంత మేలో అంకెల్లో తేలుతుంది. తేలితే డిగ్రీ. తేలకపోతే ఒక ఏడాది గంగపాలు, ఎందుకంటే ఆ బల్ల ఆమెకి దొరికింది రెండే రెండు రోజులు. మూడో రోజు పొద్దున్నే అది లిఫ్టులు తయారుచేసే ఒక కంపెనీ చేతికి వెళ్ళిపోతుంది, ఐదు నెలల దాకా తిరిగి రాదు.

ఇళ్ళు కట్టడానికి ఆమె తన మేనమామనే పిలిచింది. తల్లికి స్వయానా తమ్ముడు, ముప్ఫయ్యేళ్ళుగా తాపీ పట్టిన మనిషి. ఆయన్ని అందరూ తూకం మేస్త్రీ అంటారు. గోడ నిటారుగా ఉందా అని చూడటానికి దారానికి కట్టిన తూకం గుండు చొక్కా జేబులో లేకుండా గడప దాటడు. ఆస్పత్రిలో పడుకున్నప్పుడు కూడా సెలైను స్టాండు వంకరగా ఉందని గుండు పట్టి చూపించి, నర్సు చేత చివాట్లు తిన్నాడు.

లాబు వెనక పెరట్లో పేర్చిన ఇటుకలు చూసి మేస్త్రీ నడుం మీద చేతులు వేసుకున్నాడు.

"ఇవి ఇటుకలా, సబ్బు బిళ్ళలా?"

"సగం సైజువి మావయ్యా. ఇల్లు కూడా సగం సైజే."

"ఇందులో ఎవరుంటారు, కుందేళ్ళా?"

"ఎవరూ ఉండరు. ఊపి కూలుస్తాం. ఇదిగో, ఎలా కట్టాలో చీటీ రాశాను."

మేస్త్రీ చీటీని చేతి దూరంలో పెట్టుకుని చదివాడు. సిమెంటు ఒక పాలు, ఇసుక ఎనిమిది. ఇటుకలు నానబెట్టకూడదు. సందుల్లో ఆ సిమెంటు మాలు నిండా కూరకూడదు. మూడు రోజులకి మించి గోడకి నీళ్ళు పట్టకూడదు. రెండోసారి చదివి చీటీ వెనక్కి తిప్పి చూశాడు, అటువైపు క్షమాపణ ఏదైనా ఉందేమోనని.

"ఇది ఇల్లు కట్టే చీటీనా, ఇంటి మీద పగ తీర్చుకునే చీటీనా?"

"జనం అలాగే కట్టుకుంటున్నారు మావయ్యా. వాళ్ళ ఇంటి లాంటిది ఊపితేనే కదా నాకు తెలిసేది."

"జనం వేరు, నేను వేరు. నా చేత్తో చెడ్డ గోడ లేవదు. ఇంకెవణ్ణైనా చూసుకో."

ఆమెకి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఇంకో మేస్త్రీని వెతికే టైము లేదు. బతిమాలింది, గడ్డం పట్టుకుంది, అలిగింది. చివరికి, "నీ పేరు పుస్తకంలో వేస్తాను మావయ్యా. ఫోటోతో సహా. ఇళ్ళు కట్టిన మేస్త్రీ ఫలానా అని. లైబ్రరీలో పదికాలాల పాటు ఉంటుంది" అంది.

మేస్త్రీ తాపీని లుంగీకి తుడుచుకున్నాడు. "ఫోటో అంటే రంగుల్లోనా?"

"రంగుల్లోనే."

"సరేలే, కానీ."

ఇంత సులువుగా ఒప్పుకున్నాడేమిటా అని ఆమెకి అప్పుడే అనుమానం రావలసింది. కానీ ఆమె బుర్రలో లెక్కలు తప్ప ఇంకేమీ పట్టే చోటు లేదు. మేస్త్రీ వారం రోజుల్లో రెండు ఇళ్ళూ లేపాడు. రెండోదానికి చువ్వలు కడుతున్నప్పుడు మాత్రం, "ఇంటికి వడ్డాణం ఏమిటే కోడలు పిల్లా? రేపు ముక్కుపుడక కూడా పెట్టమంటావా?" అని నవ్వాడు.

ఆ తర్వాత గోడలు గట్టిపడే దాకా ఇరవై ఎనిమిది రోజులు ఎదురుచూడాలి. ఆ నెలంతా ఆమె కాలుకాలిన పిల్లిలా తిరిగింది. కుర్చీలో కూర్చుంటే మోకాలు ఊగేది. ఆ ఊపుకి టేబులు మీది పెన్నులు దొర్లి పడేవి. పక్క కుర్చీ వాళ్ళు, "నీకు వేరే బల్ల ఎందుకే, నీ కాలు మీద పెడితే చాలదూ ఇల్లు?" అనేవారు. పెన్ను మూతలు కొరికి కొరికి, ఏ పెన్నూ ఏ మూతకీ సరిపోకుండా చేసింది. గోడల చుట్టూ రోజుకి నాలుగు ప్రదక్షిణలు చేసేది, అవి తనకి తెలియకుండా ఎక్కడికైనా పోతాయేమోనన్నట్టు.

మేస్త్రీ మాత్రం ఇల్లు కట్టడం అయిపోయినా రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చేవాడు. ఒకరోజు ఆమె క్యాంటీను నుంచి తొందరగా తిరిగొస్తే మొదటి ఇంటి చుట్టూ నేలంతా తడి.

"ఏమిటి మావయ్యా ఈ నీళ్ళు?"

"కాళ్ళు కడుక్కున్నా."

"రెండు బకెట్లతోనా?"

"పనిచేసే కాళ్ళమ్మా. మీ చదువుకున్న కాళ్ళు కావు, చెంబుడుతో తేలడానికి."

ఆమె నవ్వేసి లోపలికి వెళ్ళిపోయింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. క్రేను మొదటి ఇంటిని ఎత్తి బల్ల మీద దించింది. గోడల నిండా సెన్సర్లు, వాటి తీగలు. బల్ల నడిపే ఆపరేటరుని అందరూ భూకంపం బాబాయి అంటారు. గాజు గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, "రెడీయా పగుళ్ళూ?" అన్నాడు. ప్రొఫెసరు మేడం చేతులు కట్టుకుని నిలబడింది. మేస్త్రీ ఉతికిన చొక్కా వేసుకుని పసుపు గీత వెనక నిలబడ్డాడు, పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా.

ఇప్పుడు నేను మొదట్లో కొట్టిన డబ్బా సంగతి కొంచెం సర్దుకోవాలి. ఇల్లు అన్నాను గదా, స్లాబుతో సహా అది నా గడ్డం దాకా వస్తుంది, అంతే. వేలు అన్నాను గదా, ఆ వేలు భూకంపం బాబాయిది. నొక్కింది బటను. నా కళ్ళతో చూశానన్నాను. ఆ పూట నేను పంటి డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాను. ఇదంతా బాబాయి చెప్తే విన్నదే. ఇక ఇల్లు కూలిందన్నది ఒకటి మిగిలింది. ఆ రోజు అది కూలలేదు. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

ఊపడానికి ఆరు మెట్లు. ఒకటోది లారీ పక్క నుంచి పోయినట్టు ఉంటుంది, ఆరోది మనిషిని నిలబడనివ్వదు. ఆమె లెక్క ప్రకారం మూడో మెట్టుకి గోడ పగలాలి, నాలుగుకి పడాలి. మూడో మెట్టుకి బల్ల గడగడలాడింది. ఇల్లు కదిలి, ఆగి, ఏమీ జరగనట్టు నిలబడింది. నాలుగో మెట్టూ అంతే. ఐదో మెట్టుకి కిటికీ మూలన వెంట్రుకంత గీత కనబడింది, అది కూడా టార్చిలైటు వేసి, ముక్కు గోడకి ఆనిస్తే.

"నీ చెడ్డ ఇల్లు మా క్వార్టర్సు కంటే బాగుందే" అంది మేడం.

ఆమె తీగలన్నీ పీకి మళ్ళీ పెట్టింది. కాగితాలు తిరగేసింది. బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, ఉన్నట్టుండి ఆగి, స్కూటరు తాళంచెవి తీసి ఇటుకల సందులో గీకింది. ఎనిమిది పాళ్ళ ఇసుక మాలు బొరుగుల్లా రాలిపోవాలి. తాళంచెవి కొస వంగింది గానీ మాలు రాలలేదు.

పసుపు గీత వెనక భూకంపం బాబాయి మేస్త్రీ చేయి పట్టుకుని ఊపుతున్నాడు. "ఏం కట్టావయ్యా! పదేళ్ళలో ఇలాంటి గోడ చూడలేదు!" మేస్త్రీ మొహం పున్నమి చంద్రుడిలా ఉంది.

"మావయ్యా, ఇలా రా."

వచ్చాడు.

"సిమెంటు ఎంత వేశావు?"

"నువ్వు చెప్పినంతే." గోడని ఒకసారి నిమిరాడు. "కలిపినప్పుడల్లా పైన ఇంకో రెండు దోసిళ్ళు."

"ఇటుకలు?"

"పొడి ఇటుకలు చూస్తే నాకు నోరెండిపోతుందే. కాస్త నానేశా."

"కాస్తంటే?"

"ఒక పూట. గోడకి తడి గోనెపట్టాలు కూడా కప్పా, నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడల్లా. నువ్వు తిరిగొచ్చేలోపు తీసేసేవాణ్ణిలే." ఆమె మొహం చూసి గొంతు పెంచాడు. "పుస్తకంలో నా పేరు వేస్తానన్నావు, ఫోటో వేస్తానన్నావు. ఫోటో పక్కన పడిపోయిన ఇల్లా? ముప్ఫయ్యేళ్ళలో నేను కట్టిన గోడ ఒక్కటి చూపించు, బీటలు వారింది! నా మనవలు చూడరూ ఆ పుస్తకం?"

"నీ మనవలు చూస్తారు సరే. నాకు డిగ్రీ ఎవరిస్తారు, నీ గోడా?"

గట్టిగానే అంది. గాజు గదిలో బాబాయి కుర్చీ తిప్పుకుని కంప్యూటరు వైపు చూడసాగాడు, అందులో ఏమీ లేకపోయినా. ఆమె పెరట్లోకి వెళ్ళి, ఇసుక గుట్ట చుట్టూ తిరిగి, మళ్ళీ లోపలికొచ్చింది. మిగిలింది ఒక్క రోజు, ఎక్కని మెట్టు ఒక్కటి. ఆరో మెట్టు ఎక్కితే బల్లని ఊపే జాకీలకి దెబ్బ తగలొచ్చు, అందుకని డైరెక్టరు సంతకం కావాలి. ఎందుకు ఎక్కాలో కాగితం మీద రాయాలి. అది రాయాలంటే ఆ గోడలో నిజంగా ఏముందో తెలియాలి.

తక్కెడ తెచ్చి మేస్త్రీ ముందు పెట్టింది.

"పొయ్యి."

"ఏం పొయ్యాలి?"

"దోసిలి. ఆ రోజు పోసినట్టే."

మేస్త్రీ ఇరవై దోసిళ్ళ సిమెంటు పోశాడు. ఆమె ఒక్కొక్కటీ తూచి రాసుకుంది. ఇరవైలో ఏ రెండింటికీ చిటికెడు తేడా కంటే ఎక్కువ లేదు. కోపంలో ఉండి కూడా ఆమె రెండోసారి తక్కెడ వంక చూసింది. మేస్త్రీ చొక్కా సర్దుకున్నాడు.

"రెండో ఇంటికి కూడా ఇంతేనా?"

"దానికెందుకు? దానికి నీ చీటీ ప్రకారమే కట్టా. పొడి ఇటుకలు, పల్చటి మాలు, నీళ్ళు కూడా మూడు రోజులే."

ఆమె పెన్ను ఆగింది. "ఏమన్నావు?"

"దానికి నీ వడ్డాణాలున్నాయి కదా. దాన్ని మీ పుస్తకాలు నిలబెట్టుకుంటాయిలే అని వదిలేశా. పాపం ఈ ఒంటరి దానికేగా ఎవరూ లేనిది."

ఆమె చాలాసేపు కదలకుండా నిలబడింది. ఆ నెలలో ఆమె అలా నిలబడటం అదే మొదలు. తర్వాత మేడం గదికి పరుగు తీసింది.

మేడం అంతా విని నిట్టూర్చింది. "రెండు ఇళ్ళకీ మధ్య తేడా ఒక్కటే ఉండాలమ్మా. నీకు రెండు తేడాలున్నాయి. దేని వల్ల ఏం జరిగిందో ఎలా చెప్తావు?"

"మామూలుగా చెప్పలేను మేడం. కానీ మంచి మాలు ఇల్లు పడి, చెడ్డ మాలు ఇల్లు నిలబడితే? దాన్ని నిలబెట్టింది మాలు కాదు కదా. పట్టీ తప్ప ఇంకేముంది అందులో?"

మేడం కళ్ళజోడు తీసి తుడిచింది. అప్పటికే శుభ్రంగా ఉంది అది. "ఆ రెండూ జరిగితే రాసుకో. ఒక్కటి జరక్కపోయినా వచ్చే ఏడు మళ్ళీ కలుద్దాం." కాగితం మీద సంతకం పెట్టి డైరెక్టరు గదికి తనే తీసుకెళ్ళింది.

మర్నాడు పొద్దున్న ఆరో మెట్టు. ఆమె గాజు గదిలో ఉండలేకపోయింది, బయటా ఉండలేకపోయింది. తలుపు దగ్గర నిలబడి తలుపుని తెరుస్తూ, మూస్తూ ఉంది. "అమ్మా, అటో ఇటో ఉండు, నాకు గాలి కొడుతోంది" అన్నాడు బాబాయి. పక్కనే మేస్త్రీ. ఒకరు పడాలని, ఒకరు నిలబడాలని, ఒకే గోడ వంక చూస్తున్నారు. ఒకే రక్తం, ఒకే మొండితనం.

బాబాయి బటను నొక్కాడు. బల్ల ఉరిమింది. గాజు గదిలో టీ గ్లాసు దానంతటదే నడుచుకుంటూ వెళ్ళి కింద పడింది. పది సెకన్లు ఇల్లు నిలబడే ఉంది. కొత్తగా ఒక్క పగులు లేదు. పన్నెండో సెకనుకి మూల దగ్గర రెండు గోడలూ జిప్పు విప్పినట్టు విడిపోయాయి. పొడుగాటి గోడ బయటికి వాలింది, ఇటుకలుగా కాదు, మొత్తం గోడ ఒకే పలకలా. స్లాబు తటాలున కిందకి దిగింది. తర్వాత దుమ్ము.

పడింది. నెల రోజులుగా ఆమె కోరుకున్నది అదే. కానీ ఆమె మేస్త్రీ వైపు చూడలేకపోయింది. ఆయన చేయి జేబులో తూకం గుండుని పట్టుకుని ఉంది. ఆ ఇంట్లో ఎవరైనా ఉండి ఉంటే, పగులు చూసి బయటికి పరుగెత్తడానికి కూడా వ్యవధి లేదని ఇద్దరికీ అర్థమైంది.

మధ్యాహ్నం రెండో ఇల్లు బల్లకెక్కింది. మూడో మెట్టుకే గోడలన్నీ బీటలు వారాయి. మేస్త్రీకి మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. "చూశావా నీ మాలు! అప్పడంలా పగిలింది." నాలుగుకి ఇటుక పెచ్చులు రాలాయి. ఐదుకి కిటికీ కింద చెయ్యి దూరేంత సందు పడింది. ఆమె గోళ్ళన్నీ అయిపోయి వేళ్ళ చివరలు కొరుకుతోంది. ఇది కూడా పడితే పట్టీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అని రాయాలి. అలా రాస్తే ఎవరూ చదవరు, డిగ్రీ అసలే ఇవ్వరు.

ఆరో మెట్టు. ఇల్లు ముసలి గేదెలా ఊగింది. పట్టీల మధ్య గోడ ముక్కలు ముక్కలుగా కదులుతోంది. ఒక ముక్క ముందుకొస్తుంది, పట్టీ దాన్ని లోపలికి లాగుతుంది. ఇరవై సెకన్లు. బల్ల ఆగింది. ధూళి మెల్లగా దిగింది. చూడబోతే కుక్కలు పీకిన చాపలా ఉంది, కానీ నాలుగు గోడలూ నాలుగు వైపులా నిలబడే ఉన్నాయి. స్లాబు పైనే ఉంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బాబాయి, "ఇంకోసారి ఊపమంటావా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి అక్కడే నేల మీద చతికిలబడింది. మేడం వచ్చి ఆమె భుజం తట్టి, "రాసుకో. దోసిళ్ళతో సహా అన్నీ రాయి, దాచకుండా" అంది.

మేస్త్రీ పసుపు గీత దాటి రెండో ఇంటి దగ్గరికి వెళ్ళాడు. పగిలిన గోడలో వేళ్ళు పెట్టి పట్టీని తడిమాడు. మొదటి ఇంటి ఇటుకల కుప్ప వైపు ఒకసారి చూసి, మేనకోడలి పక్కనే నేల మీద కూర్చున్నాడు. "తప్పు నాదేనమ్మా. నువ్వు చెప్పినట్టు వినాల్సింది" అన్నాడు. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఆమె మోకాలు మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది.

థీసిసు ఒక నెల తర్వాత ఇచ్చేసింది, డిగ్రీ వచ్చింది. మేస్త్రీ తను కడుతున్న ఇంటి యజమానితో, కిటికీల పైన చువ్వల పట్టీ వేయకపోతే పని మానేస్తానని పోట్లాడాడు. ఆయన వేయించుకున్నాడు. ఇవన్నీ బాబాయి చెప్పినవే, నేను ఒక్క అక్షరం కలపలేదు. ఇరవై దోసిళ్ళూ నిజం, నడిచిన టీ గ్లాసూ నిజం.

మేస్త్రీ "తప్పు నాదే" అన్నాడన్నది మాత్రం నా కల్పన. కథకి బాగుంటుందని పెట్టాను. ఆయన నిజంగా అన్నది, "ఆ బట్టీవాడు ఇటుకలు సరిగ్గా కాల్చలేదే" అని.